కాంచన పెన్ డ్రైవ్‌లో ఏముండింది

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా పూర్తి నిజం కాదు. దాని మీదే బతుకుతున్నాను. అది నాకు అన్నం పెట్టింది, తిరుపతిలో నలుగురిలో పేరు తెచ్చింది, చప్పట్లు కొట్టించింది. బరువు మోసేవాళ్ళకు ఎక్కడో ఒక చోట దించుతామన్న ఆశ ఉంటుంది. నేను మాత్రం దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చూపించాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు తెలియదు. తెలిసినవాళ్ళ ముఖం చూసి చెప్పలేకనే మీ దగ్గరికి వచ్చాను. మధ్యలో ఆగితే ఓపిక పట్టండి. సాకులు చెబుతున్నట్టు అనిపిస్తే, అనిపించనివ్వండి. బహుశా చెబుతూనే ఉంటాను.

నేను చేసే పని ఇది. అంగళ్ళవాళ్ళ, లాడ్జీలవాళ్ళ, చిత్తూరు వైపు మామిడి గుజ్జు తీసే చిన్న ఫ్యాక్టరీలవాళ్ళ కంప్యూటర్లు దొంగల పాలు కాకుండా చూస్తాను. వర్తకుల సంఘాలు మీటింగులు పెట్టి పిలుస్తాయి. వెళ్ళి మాట్లాడతాను. ఎక్కడికి పోయినా మొదట అందరిదీ ఒకటే మాట. మా చిన్న అంగడికి ఎవడొస్తాడమ్మా, మా దగ్గర దోచుకోవడానికి ఏముంది? అప్పుడు నేను కథ ఎత్తుకుంటాను. తిరుపతిలో ఒక ఫోటో స్టూడియో ఉండేది. అక్కడ పనిచేసే ఒకమ్మాయి ఇంటి నుంచి పాటల పెన్ డ్రైవ్ తెచ్చి కంప్యూటర్‌కు పెట్టింది. తెల్లారేసరికి ఎన్నో ఇళ్ళ పెళ్ళి ఫోటోలు, పిల్లల ఫోటోలు ఒక్కటి కూడా తెరుచుకోకుండా పోయాయి. స్టూడియో మూతపడింది. ఇంత చెప్పేసరికి హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఆ తర్వాత నేనేం చెప్పినా రాసుకుంటారు.

ఆ అమ్మాయి పేరు కాంచన అనుకోండి. ఫోటోలు పోయింది ఆమె వల్ల కాదు. నా వల్ల.

రాసేశాను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఎన్నిసార్లు లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చానో. ఇప్పుడు మొదటి నుంచీ చెబుతాను.

స్టూడియో బస్టాండు దగ్గర ఒక సందులో ఉండేది. కింద టిఫిన్ అంగడి, పైన మేము. ఓనర్‌ను అందరం గోపాలన్న అనేవాళ్ళం. పెళ్ళిళ్ళు, చెవులు కుట్టడాలు, కొండ మీద పుట్టువెంట్రుకలు ఇచ్చి దిగివచ్చిన పిల్లల గుండు ఫోటోలు, ఇవే మా బతుకు. గుండుకు గంధం పూసి ఎర్ర కర్టెన్ ముందు కూర్చోబెడితే ఏడవని బిడ్డ ఉండదు. ఆ ఏడుపు మాన్పించడానికి గోపాలన్న కెమెరా వెనక నుంచి కాకిలా అరిచేవాడు. పిల్లలు ఒక్క క్షణం నోరు తెరిచి చూసేవాళ్ళు. ఆ క్షణమే ఫోటో. నేను ఆల్బమ్‌లు డిజైన్ చేసేదాన్ని. కాంచన వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు వేసేది.

కాంచన పొద్దున పాకాల నుంచి రైల్లో వచ్చేది. సాయంత్రం మళ్ళీ రైల్లో పోయేది. నాకంటే చిన్నది. అక్కా అనేది. తన క్యారియర్‌లో సంగటి ముద్ద, నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి ఉండేవి. నా తెల్లన్నం చూసి ఎగతాళి చేసి, సగం సంగటి నా మూతలో పెట్టేది. ఇప్పుడు నాకు సొంత ఆఫీసు ఉంది, ఏసీ ఉంది. మధ్యాహ్నం క్యారియర్ తెరిచినప్పుడు మాత్రం ఇప్పటికీ బల్లకు ఒక పక్కగా జరిగి కూర్చుంటాను. రెండో పక్క ఎవరికో వదిలినట్టు. ఎవరికో ఏమిటి, కాంచనకే.

వాళ్ళమ్మ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసిన తప్పు మీకు సగమే కనబడుతుంది.

కాంచన మా దగ్గర చేరిన కొత్తలో వాళ్ళ పెద్దమ్మ కూతురి పెళ్ళి జరిగింది. మా స్టూడియోవాళ్ళమే తీశాం. పెళ్ళి వీడియోల సంగతి మీకు తెలిసిందే. జనం మాటలు, పీటల దగ్గర కీచులాటలు, పిల్లల ఏడుపులు అన్నీ తీసేసి పైన సినిమా పాటలు వేస్తాం. పెళ్ళివాళ్ళే అలా కావాలంటారు. ఆ పెళ్ళిలో కాంచన వాళ్ళమ్మ హారతిపాట పాడింది. ఇచ్చిన డీవీడీలో ఆమె నోరు కదులుతుంది, వినబడేది మాత్రం సినిమా పాట. ఆ పాట వేసింది కాంచనే. తర్వాత కొన్ని నెలలకే వాళ్ళమ్మ చనిపోయింది. అప్పుడు కాంచన కత్తిరించక ముందు వీడియో అంతా వెతికి, వాళ్ళమ్మ సొంత గొంతు ఉన్న ముక్కను వేరు చేసి దాచుకుంది. చిన్న ముక్క. గొంతు కొంచెం బొంగురు. మధ్యలో మాట మర్చిపోయి, కెమెరా వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, మళ్ళీ అందుకుంటుంది.

సాయంత్రం రైలుకు బయలుదేరే ముందు కాంచన ఆ ముక్క పెట్టుకునేది. ఇయర్‌ఫోన్‌లో ఒక చెవిది తను, ఒక చెవిది నాకు. ఇద్దరం తలలు దగ్గర పెట్టుకుని వినేవాళ్ళం. నవ్వు దగ్గరికి రాగానే తనూ నవ్వేది. ఆ వయసులో నాకు తెలియలేదు గానీ, ఒక మనిషి నన్ను అంత దగ్గరికి రానివ్వడం నా జీవితంలో అదే మొదటిసారి. మళ్ళీ అలాంటిది జరగలేదు.

అప్పట్లో తన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఆ వీడియో దాంట్లో ఆడేది కాదు. అందుకే అమ్మ గొంతు స్టూడియో కంప్యూటర్‌లోనే ఉండేది.

గోపాలన్న అజాగ్రత్త మనిషి కాదు. ఇది గట్టిగా చెప్పాలి. ఎందుకంటే నా మీటింగుల్లో ఆయన్ని ఏమీ తెలియని మనిషిలా చూపించాను. ఆయన కొట్లాడి, బేరమాడి, చివరికి యాంటీవైరస్ కొన్నాడు. వారానికొకసారి ఫోటోలన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించి ఇంటికి తీసుకుపోయి బీరువాలో పెట్టేవాడు. అంగడి కాలిపోయినా ఇంట్లోది మిగులుతుందని. ఈ రోజు నేను డబ్బు తీసుకుని జనానికి చెప్పేది సరిగ్గా అదే. యాంటీవైరస్ గురించి మాకు ఆయన పెట్టిన నియమం ఒకటే. "అది ఇంటిముందర కుక్క మాదిరి. అరిస్తే అరవనీండి. దాని నోరు మాత్రం మూయొద్దండి."

ఆయుధపూజ రోజు పొద్దున నేను దాని నోరు మూశాను.

ఎదురు వీధి స్టూడియోవాళ్ళు కొత్త రకం ఆల్బమ్ డిజైన్లు తెచ్చారని అందరూ చెప్పుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. కొనాలంటే ఖరీదైన సాఫ్ట్‌వేర్ అది. ఎవరో దాని తాళం పగలగొట్టి ఊరికే వాడుకోమని ఇంటర్నెట్‌లో పెట్టారు. మాలాంటి స్టూడియోలు చాలా అలాంటివాటితోనే నడిచేవి, అందుకని అది దొంగతనమని కూడా తోచలేదు. దించుకోబోతే యాంటీవైరస్ అరిచింది. సాఫ్ట్‌వేర్ పక్కనే రాసి ఉంది, ముందు యాంటీవైరస్ ఆపండి అని. ఆపాను. దొంగ వచ్చి కుక్కను కట్టేయమ్మా అంటే కట్టేశాను. తెర మీద నల్ల పెట్టె ఒకటి తళుక్కుమని మాయమైంది. సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. సరే, చెడిపోయిన ఫైలు అనుకున్నాను. అంతలో గోపాలన్న నిమ్మకాయలు కోయమని కేకేశాడు. వెళ్ళాను.

పూజ గురించి ఒక మాట. మా వైపు కొందరు ఆయుధపూజకు మిషన్లు ఆపి పెడతారు. గోపాలన్నది వేరే పద్ధతి. హారతి ఇచ్చేటప్పుడు మిషన్లు ఆడుతూ ఉండాలి. ప్రాణం ఉన్నవాటికే పూజ అనేవాడు. కంప్యూటర్లు వెలుగుతూ ఉండాలి, లైట్లు వెలుగుతూ ఉండాలి. ఇంట్లో బీరువాలో ఉండే డిస్క్‌ను కూడా ఆ రోజు తెచ్చేవాడు. ఏడాదంతా మన కష్టం కాపాడేది అదే, దానికి బొట్టు పెట్టకపోతే ఎట్ల అని. తెచ్చి, కంప్యూటర్‌కు తగిలించి, దాని నీలం లైటు మినుకుమినుకుమంటుంటే పైన బంతిపువ్వు పెట్టేవాడు. పూజలో పెట్టిన వస్తువును మరునాడు పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా ఎవరూ కదపకూడదు. అన్నీ అలా వెలుగుతుండగానే షట్టర్ దించేవాళ్ళం.

ఆ రోజు కాంచన ఇంటి నుంచి పెన్ డ్రైవ్ తెచ్చింది. పండక్కి వాళ్ళ నాయనకు అమ్మ గొంతు టీవీలో వినిపించాలని. దాంట్లో ముందే పాకాలలో సెల్ షాపులో ఎక్కించుకున్న పాటలున్నాయి. వాటి పక్కన అమ్మ ముక్కను ఎక్కించింది. తీయబోతుంటే గోపాలన్న వద్దన్నాడు, పూజ మొదలైంది, ఈడ ఉండేదేదీ కదలకూడదు అని. కాంచన నవ్వి, చిటికెన వేలితో పెన్ డ్రైవ్‌కు కుంకుమ చుక్క పెట్టింది. "మా అమ్మ గూడా పూజ సేయించుకోనీ అక్కా. రేపు తీసకపోతా."

కర్పూరం వెలిగింది. గోపాలన్న పళ్ళెం తిప్పుతున్నాడు. ఆయన భార్య, బంధువులు, కింద టిఫిన్ అంగడివాళ్ళు అందరూ చేతులు జోడించి నిలుచున్నారు. నేనూ జోడించాను. తెర మూలన యాంటీవైరస్ గుర్తు మీద ఎర్ర గీత కనబడింది.

అప్పుడు గుర్తొచ్చింది. మర్చిపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మర్చిపోలేదు. హారతి వెలుగులో ఆ ఎర్ర గీత స్పష్టంగా కనబడింది. అన్నా, ఒక్క నిమిషం, అంటే చాలు. నా వేలు ఒక్కసారి కదిలితే చాలు. ఆ డిస్క్ తీగ ఒక్కటి పీకినా, ఆ ఇళ్ళవాళ్ళ ఫోటోలన్నీ ఇవాళ ఉండేవి. ఎందుకు కదలలేదు? పూజలో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు కదా అనుకున్నాను. భక్తా? కాదు. పండగపూట అందరి ముందు తిట్లు తినాలి. అదీ భయం. దేవుడి మాటున దాక్కున్నాను. హారతి కళ్ళకు అద్దుకుని, శనగలు తిని, ఇంటికి వెళ్ళాను.

మరునాడు షట్టర్ ఎత్తేసరికి, తీగలతో ఒకదానికొకటి కలిపి ఉన్న కంప్యూటర్ల నిండా ఒకటే ఎర్ర పేజీ. ఇంగ్లీషులో రాసి ఉంది. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే డబ్బు పంపండి అని. ఎవరు, ఎక్కడివాళ్ళు, ఏమీ తెలియదు. ఫోటోలన్నీ ఉన్న చోటనే ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోదు. ప్రతి ఫైలు పేరు చివరా అర్థం లేని అక్షరాల తోక ఒకటి వచ్చి చేరింది. బంతిపువ్వు కింద డిస్క్‌లో ఉన్నవాటికీ అదే తోక. కుంకుమ చుక్క ఉన్న పెన్ డ్రైవ్‌లో వాళ్ళమ్మకూ అదే తోక.

గోపాలన్న కుర్చీలో కూర్చుండిపోయాడు. "మళ్ళా పెండ్లి సేయలేం గదప్పా. మళ్ళా పుట్టెంటికలు తీపిచ్చలేం గదా," అని ఎవరితోనో అంటున్నట్టు గోడతో అన్నాడు.

సర్వీసు చేసే అతను వచ్చేలోపు నేనేం చేశానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అందరూ ఏడుస్తున్నారు. నేను నా కంప్యూటర్ ముందు కూర్చుని, నిన్న దించుకున్న ఆ సాఫ్ట్‌వేర్ ఆనవాళ్ళు కనబడినవన్నీ చెరిపేశాను. నా చేతులు వణకలేదు. దానికే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. తప్పు చేసినప్పుడు పనికిమాలిన మనిషిని, దాన్ని దాచేటప్పుడు మాత్రం ఎంత పనిమంతురాలినో.

అతను వచ్చి చూశాడు. యాంటీవైరస్ ఎవరు ఆపారని అడిగాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఎవరూ మాట్లాడకపోతే, ఒక్కోసారి వైరసే దాన్ని ఆపేస్తుందిలే అని తనే అనుకున్నాడు. తర్వాత పెన్ డ్రైవ్ చూసి, ఇది ఎవరిది అన్నాడు. కాంచన బళ్ళో పిల్లలా చెయ్యి ఎత్తింది.

ఎవరూ తనను ఏమీ అనలేదు. అందరూ ఆ పెన్ డ్రైవ్ వైపు చూశారు, అంతే. నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో చెప్పాలి కదా. హమ్మయ్య అనిపించింది.

సాయంత్రం తనతో స్టేషన్‌కు నడిచాను. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. తన గుప్పెట్లో పెన్ డ్రైవ్ ఉంది. చెమటకు కుంకుమ కరిగి వేళ్ళకు అంటుకుంది.

"అక్కా, నా పెన్ డ్రైవ్ వల్లనే గదా?"

నేను పట్టాల వైపు చూశాను.

"సెల్ షాపులో పాటలు ఎక్కించుకుంటి. ఆడ ఎవురెవురివో పెడతా ఉంటారు. దాంట్లోనే వచ్చుంటాది. నువ్వు సెప్పక్కా. నీకు తెలుసు గదా ఇయన్నీ."

"అయ్యుండొచ్చు," అన్నాను.

"అయితే మా అమ్మను నేనే పోగొట్టుకున్యా."

రైలు వచ్చింది. ఎక్కింది. కిటికీ దగ్గర కూర్చుని కూడా చెయ్యి ఊపలేదు. ఆ తర్వాత మళ్ళీ పనికి రాలేదు.

అయ్యుండొచ్చు. ఎంత తెలివైన మాటో చూడండి. అబద్ధం కూడా కాదు. ఎవరైనా పట్టుకుంటే, నేను అవునన్లేదు కదా అని జారుకోవడానికి తోవ ఉంచుకున్నాను. కాదు అని ఉంటే ఏమయ్యేది? తను మా అమ్మ పోయిందని ఏడ్చేది. మా అమ్మను నేనే చంపుకున్నాను అని ఏడ్చేది కాదు. రెండు ఏడుపులకూ మధ్య ఉన్న దూరం నాకు ఆ రోజూ తెలుసు. తెలిసే అన్నాను. ఉద్యోగం పోతుందని భయం అని కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. నిజానికి నా భయం ఉద్యోగం గురించి కాదు. కాంచన కళ్ళల్లో నేను చిన్నదాన్నయిపోతానని. తన దగ్గర మంచిదానిగా మిగలడానికి తననే పోగొట్టుకున్నాను.

గోపాలన్న డబ్బు పంపలేదు. పంపినా తెరుస్తారన్న నమ్మకం లేదన్నారు. అన్నీ తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాడు. కానీ జనం వస్తూనే ఉన్నారు, పాత ఫోటోల కోసం. ఒక అవ్వ మనవడి గుండు ఫోటో కోసం వచ్చింది. లేదని చెబితే నమ్మలేదు. నువ్వు కాకి మాదిరి అరిస్తివి గదయ్యా, వాడు నవ్వినాడు గదా, యాడికి పోతాది అని అడిగింది. ఆ ఏడాది తిరగకముందే గోపాలన్న షట్టర్ దించేశాడు.

నేను మాత్రం చదువుకున్నాను. ఆ ఎర్ర పేజీ ఎలా వచ్చింది, ఎవరు పంపుతారు, ఎలా ఆపాలి, అన్నీ నేర్చుకున్నాను. ప్రాయశ్చిత్తం అనుకున్నాను. కొన్నాళ్ళకు అది పనైంది, పని పేరైంది. మొదటిసారి మీటింగులో మాట్లాడమన్నప్పుడు ఏం చెప్పాలో తోచక స్టూడియో కథ చెప్పాను. పెన్ డ్రైవ్ అని నోటికి దానంతట అదే వచ్చింది. చప్పట్లు కొట్టారు. ఇక అదే ఖాయమైపోయింది. నేను చెప్పే జాగ్రత్తలన్నీ నిజమే. చిన్న అంగడి అని దొంగ వదలడు, వాడు బోర్డు చూసి రాడు, ఎక్కడ తలుపు తెరిచి ఉందో చూసుకుని వస్తాడు. ఉన్నదాని నకలు విడిగా, తీగ తగిలించకుండా ఉంచుకోండి. ఇవన్నీ నిజాలే. సాక్ష్యం ఒక్కటే దొంగది.

మొన్నామధ్య నాయుడుపేటలో మీటింగ్ పెట్టారు. అక్కడి చిన్న పరిశ్రమలవాళ్ళు, అంగళ్ళవాళ్ళు వచ్చారు. కథ చెప్పాను. అయిపోయాక అందరూ వెళుతుంటే, వెనక వరసలో నుంచి ఒకామె లేచి వచ్చింది. జుట్టు కాస్త నెరిసింది. నడక చూసి గుర్తుపట్టాను. కాంచన. అక్కడే జెరాక్స్ అంగడి పెట్టుకుందట. వాట్సాప్‌లో మీటింగ్ కాగితం మీద నా ఫోటో చూసి వచ్చిందట.

తను నా చెయ్యి పట్టుకుంది. "మంచి పని జేస్తా ఉండావక్కా. నా మాదిరి ఇంకొకరు సేయకుండా సెప్తా ఉండావు. నా పేరు సెప్పకుండా సెప్పినావు సూడు, అది సాలు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను తల ఊపాను. ఏదో నవ్వాను. తన ఫోన్ నంబరు తీసుకుని తిరుపతి బస్సెక్కాను. రెండోసారి కూడా అదే పని చేశాను. ఈసారి అయ్యుండొచ్చు అని కూడా అనలేదు.

తర్వాత కొన్ని వారాలకు పనిలో భాగంగా ఏదో వెతుకుతుంటే ఆ తోక కనబడింది. మా ఫైళ్ళ పేర్ల చివర చేరిన ఆ అక్షరాలే. ఆ రకం తాళానికి చెవి దొరికిందని, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని దాన్ని ఛేదించినవాళ్ళు పెట్టారు. చెవి వచ్చి చాలా కాలమైంది. నేనే చూసుకోలేదు. ఇలాంటివి అప్పుడప్పుడు జరుగుతాయి, అందుకే తాళం పడిన ఫైళ్ళను పారేయొద్దని నేనే అందరికీ చెబుతుంటాను. గోపాలన్న డిస్కులు ఎప్పుడో తుడిచేశాడు. కానీ పెన్ డ్రైవ్ కాంచన దగ్గరే ఉంది కదా. అమ్మ దాంట్లో ఉంది కదా.

మరునాడే నాయుడుపేట బస్సెక్కాను. దారి పొడుగునా నాకు వచ్చిన ఆలోచన మీకు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. పెన్ డ్రైవ్ తెరిచి ఇస్తాను. ఇద్దరం మళ్ళీ తలలు దగ్గర పెట్టుకుని వింటాం. తను నన్ను పట్టుకుని ఏడుస్తుంది. ఇక పాత సంగతి చెప్పాల్సిన అవసరమే ఉండదు. నిజం చెప్పకుండానే దేవతనైపోవచ్చని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. శ్రీకాళహస్తి దాటినా ఆ లెక్క మారలేదు.

అంగట్లో తను ఒక్కతే ఉంది. పెన్ డ్రైవ్ ఉందా అని అడిగాను. ఎందుకక్కా అంది. చెప్పాను, తెరవడానికి దారి దొరికిందని.

"లేదక్కా. నాయన పోయినాంక, ఇంట్లో ఏం పట్టినా ఇరుగుతా ఉంటే, దోషం ఉండాది అన్న్యారు. ఉండదా మరి, కన్నతల్లిని పోగొట్టుకున్న చెయ్యి. కాళహస్తిలో రాహుకేతు పూజ సేయించుకుని, దాన్ని స్వర్ణముఖిలో ఇడిసిపెట్టినా. ఇంట్లో ఎట్ల పెట్టుకోను? సూసినప్పుడల్లా నేనే సేసిన పని గదా అనిపిచ్చేది."

నా దోషానికి తను పూజ చేయించుకుంది. తల్లి గొంతును తన చేత్తోనే ఏటిలో వదిలింది, నా నోట్లో నుంచి వచ్చిన ఒక్క మాట నమ్మి. ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు గానీ నోరు పెగల్లేదు.

"కాంచనా, యాంటీవైరస్ ఆపింది నేను. దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది నేను. హారతప్పుడు నాకు తెలుసు. స్టేషన్‌లో నువ్వు అడిగినప్పుడూ తెలుసు."

అంతే అన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే తను ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఆ పని కూడా తన నెత్తిన పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. అంతలో ఎవరో ఆధార్ కార్డు జెరాక్స్‌కు వచ్చారు. కాంచన కార్డు తీసుకుని, ముందుపక్క, వెనకపక్క తీసి, కాగితం చివర్లు సరిచేసి ఇచ్చింది. చిల్లర ఇచ్చింది. అతను వెళ్ళాక కూడా మిషన్ మూత మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడింది.

"డీవీడీ ఉండాది ఇంట్లో," అంది. "అమ్మ నోరు కదుల్తాది. నేనేసిన సినిమా పాటే ఇనపడతాది. మద్దెలో మాట మర్సిపోయి నవ్వుతాది గదా, ఆ నవ్వు ఎట్లుండిందో నాకు గ్యాపకం రావడంలే. నువ్వు గూడా ఇనింటివి గదా. నీకుండాదా?"

ఉంది. నాకు ఇప్పటికీ వినబడుతుంది. పాట రాగం చెదిరిపోయింది గానీ ఆ నవ్వు చెదరలేదు. కొంగు వెనక నుంచి, ముక్కుతో నవ్వినట్టు, చివర్లో చిన్న దగ్గుతో. ఎలా చెప్పాలో తెలియక, ఆ జెరాక్స్ అంగట్లో నిలబడి, ఆమె నవ్వినట్టు నవ్వి చూపించడానికి ప్రయత్నించాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది. కాంచన కళ్ళు మూసుకుని విన్నది. ఇంకొకసారి అంది. ఇంకొకసారి నవ్వాను. మూడోసారి నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది.

తను ఏడవలేదు. "బస్సుకు టైమయితాది, పో," అంది. మళ్ళీ రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. నేను మెట్లు దిగాక వెనక షట్టర్ సగం దించిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఫోన్ చేశాను. ఎత్తలేదు. చేస్తూనే ఉంటానేమో, తెలియదు.

క్షమాపణ దొరకలేదు. అది నాకు రావాల్సిందీ కాదు. కానీ ఆ రోజు తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. బస్సులో నిద్రపోయి ఎన్నేళ్ళయిందో.

మళ్ళీ మీటింగులకు పిలుస్తున్నారు. వెళ్తున్నాను. అదే కథ చెబుతున్నాను, ఆ ఒక్క చోటు మార్చి. గోపాలన్న స్టూడియోలో యాంటీవైరస్ ఉండింది, ఇంట్లో డిస్క్ ఉండింది, అన్నీ ఉండినాయి, లేనిదల్లా "అన్నా, తప్పు జేసినాను" అని పూజ మధ్యలో చెప్పగలిగే ఒక నోరు, ఆ నోరు నాది, అని చెబుతున్నాను. మీ అంగట్లో పనిచేసేవాళ్ళు మీకు భయపడి తప్పు దాచుకునే పరిస్థితి ఉంటే ఏ యాంటీవైరసూ కాపాడదని చెబుతున్నాను. ఇప్పుడు చప్పట్లు కొట్టడం లేదు. కొందరు నా ముఖం చూడకుండా లేచి వెళుతున్నారు. మంచిదే.

పాకాల మీటింగ్‌లో ఒక పెద్దాయన చెయ్యి ఎత్తి అడిగాడు. "అయితే ఆ యమ్మి పెన్ డ్రైవ్‌లో ఏముండిందమ్మా?"

"పాటలుండినాయి నాయనా," అన్నాను. "వాళ్ళమ్మ ఉండింది. ఇంకేం లేదు."